దేని పిచ్చి?

ప్రశ్న: నమస్కారమండీ. నాకు 28 ఏళ్ళు. మాది హిందూపురం. ఆరేళ్ళుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాను. చిన్నప్పుడు అందరూ నన్ను పుస్తకాల పురుగు అనేవారు. ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్‌లో విండోస్‌కు బదులు లినక్స్ వాడేవాణ్ణి నేనొక్కణ్ణే. ఎప్పుడూ కంప్యూటర్లలోనే మునిగి ఉంటానని అక్కడ ‘గీక్’ అన్న పేరు వచ్చింది. అది నాకు గర్వంగా ఉండేది. 2018లో ఒక తెలుగు అక్షరం వల్ల ఐఫోన్లు ఆగిపోతున్నాయని వార్త వస్తే, ఎందుకో తెలుసుకోవాలని మూడు రాత్రులు నిద్రపోలేదు. ఇప్పుడు ఈ ఊళ్ళో అందరూ గీకులే. మా ఆఫీసులో ఆ మాట అచ్చువేసిన టీషర్టులు పంచారు. ప్రతి శనివారం కలుసుకునే మా బృందంలో నాకన్నా ఎక్కువ తెలిసినవాళ్ళే అందరూ. వాళ్ళకు తీసిపోకూడదని కీబోర్డులు, బొమ్మలు, ప్రదర్శనల టికెట్లు అంటూ రెండేళ్ళలో లక్షన్నర ఖర్చుపెట్టాను. రెండు కీబోర్డుల పెట్టెలు ఇంకా విప్పనేలేదు.

రెండు నెలల కిందట మా ఆఫీసులో కొత్తగా చేరిన ప్రొద్దుటూరు అమ్మాయి మా బృందానికి వచ్చింది. తనూ గీక్‌నేనని, వాళ్ళ తాతగారి చేతిరాతను ఫాంటుగా చేయాలని ఉందని చెప్పింది. ‘హార్ఫ్‌బజ్ అంటే ఏమిటో చెప్పు చూద్దాం’ అని, తెర మీద అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేర్ పేరుతో మొదలుపెట్టి వరసగా ఐదారు ప్రశ్నలు వేశాను. ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయింది. అందరూ నవ్వారు. ఆమె మళ్ళీ రాలేదు. ఆఫీసులో ఎదురుపడితే తల వంచుకొని వెళ్ళిపోతోంది. తప్పు చేశానని తెలుస్తోంది. అసలు నేను గీక్‌నేనా? కాకపోతే ఇన్నేళ్ళుగా నేనెవరిని? మా అమ్మ తెలుగు టీచరు. ‘శనివారాలు ఏం చేస్తుంటావు నాన్నా?’ అని అడిగితే ఆమెకు కూడా చెప్పలేకపోతున్నాను.

ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను ఆపింది చివరి ప్రశ్న కాదు, మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన సంగతి. తాతగారి చేతిరాతను ఫాంటుగా చేయాలన్న కోరికతో ఒక అమ్మాయి మీ దగ్గరికి వచ్చింది. తెలుగు అక్షరం తెర మీద ఎలా కూర్చుంటుందో తెలుసుకోవడానికి మూడు రాత్రులు మేలుకున్న మనిషి మీరు. ఆ శనివారం ఆ బల్ల చుట్టూ ఎంతమంది ఉన్నా, ఆమెకు కావలసినది తెలిసినవారు మీరే. దాహమని వచ్చిన మనిషిని బావి లోతెంతో చెప్పమని నిలదీసినట్టయింది.

తప్పని మీరే అన్నారు కాబట్టి నేను దాన్ని మెత్తని మాటల్లో చుట్టి ఇవ్వను. అయితే మీరు రాసిన తీరులో ఆ అమ్మాయి మీద చులకన ఎక్కడా కనబడలేదు. మీ గురించి మీకున్న భయం మాత్రం ప్రతి వాక్యంలోనూ ఉంది. ముందు ఆ భయం ఎక్కడ పుట్టిందో చూడాలి. క్షమాపణ ఎలా చెప్పాలన్నది ఆ తరువాత.

‘గీక్’ అన్న మాట పుట్టుక గౌరవమైనది కాదు. ఇంగ్లీషు మాండలికంలో మూర్ఖుడన్న అర్థం ఉన్న పాత మాట నుంచి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఊరూరా తిరిగే ప్రదర్శనల్లో, బతికున్న కోడి తల కొరికి చూపించి పొట్ట పోసుకునే మనిషిని అలా పిలిచేవారు. జనం టికెట్టు కొనుక్కొని చూసి, అసహ్యించుకొని వెళ్ళేవారు. తరువాత బడిలో నలుగురితో కలవకుండా పుస్తకమో యంత్రమో పట్టుకొని కూర్చునే పిల్లవాడికి ఆ పేరు తగిలింది. కంప్యూటర్లు వచ్చాక ఆ పిల్లలే పెద్దవాళ్ళై, ఆ తిట్టును తీసుకొని తలపాగాలా చుట్టుకున్నారు. స్పెయిన్‌లో 2006లో మే 25ను గీకుల గర్వదినంగా జరుపుకోవడం మొదలుపెట్టారు. 2012 నాటికి బెంగళూరుకు కామిక్స్ అభిమానుల ఉత్సవం కామిక్ కాన్ కూడా వచ్చేసింది. తిట్టు బిరుదైంది, బిరుదు సరుకైంది. మీ ఆఫీసులో పంచిన టీషర్టు ఆ దారిలో తాజా మజిలీ.

మన భాషలో దీనికి సరిపోయే మాట లేదని చాలామంది అంటుంటారు. ఉంది. పిచ్చి. పుస్తకాల పిచ్చి, పద్యాల పిచ్చి, రైళ్ళ పిచ్చి, చదరంగం పిచ్చి. తెలుగులో ఈ మాట ఒంటరిగా నిలబడితే జబ్బు. ముందు ఒక వస్తువు వచ్చి చేరితే ప్రేమ. ‘అతనికి పిచ్చి’ అంటే జాలిపడతాం. ‘అతనికి రేడియోల పిచ్చి’ అన్నప్పుడు మన ముఖంలో చిరునవ్వు ఉంటుంది, ఇంట్లో మూగబోయిన రేడియో ఉంటే నేరుగా అతని దగ్గరికే పట్టుకెళ్తాం. ‘వ్యసనం’ కూడా అలాంటి మాటే. తాగుడుకూ అదే, చదువుకూ అదే. మహాత్ములకు పుట్టుకతో వచ్చే గుణాలు లెక్కపెడుతూ భర్తృహరి ధైర్యం, ఓర్పులతో పాటు విద్య మీది వ్యసనాన్ని కూడా చేర్చాడు.

ఇంగ్లీషు మాటకు ఆ నియమం లేదు. దేనిమీద ఇష్టమో చెప్పకుండానే ‘నేను గీక్‌ని’ అనేయవచ్చు. అక్కడే చిక్కు వచ్చింది. వస్తువు ఊడిపోయాక ఆ మాట ప్రేమకు పేరుగా మిగల్లేదు, కులానికి పేరులా తయారైంది. కులమన్నాక లోపలివాళ్ళు, బయటివాళ్ళు ఉంటారు. గుమ్మం ఉంటుంది, గుమ్మంలో కాపలా ఉంటుంది. ఆ శనివారం మీరు చేసినది ఆ కాపలా పనే. కాపలా కాసేవాడికి తన చోటు మీద తనకే నమ్మకం చాలనప్పుడు గొంతు మరింత పెద్దదవుతుంది. పదిమంది మీకన్నా తెలిసినవాళ్ళ మధ్య, మీకన్నా తక్కువ తెలిసిన ఒక మనిషి కనబడింది. అంతే జరిగింది.

అందుకే ‘నేను గీక్‌నేనా’ అన్న ప్రశ్నకు నేను అవుననీ చెప్పను, కాదనీ చెప్పను. ఎటు చెప్పినా మీరు మళ్ళీ ఆ గుమ్మంలోనే నిలబడతారు. ‘నాకు దేని పిచ్చి?’ అని అడగండి. దీనికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది.

2018 ఫిబ్రవరి నాటి ఆ అక్షరం ‘జ్ఞా’. అది ఉన్న సందేశం వస్తే ఐఫోన్లో ఆ యాప్ కుప్పకూలేది, నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే మొరాయించేది. లోకం నవ్వుకుంది. మనవాళ్ళలో కొందరు మీసం మెలేశారు, కొందరు స్నేహితుల ఫోన్లకు పంపి ఏడిపించారు. ఆ నెల 19న దిద్దుబాటు వచ్చింది, అందరూ మరిచిపోయారు. మీరు మాత్రం ‘ఎందుకు?’ దగ్గరే ఆగిపోయారు.

ఇతర పాఠకుల కోసం ఆ ‘ఎందుకు’ను కొంచెం విప్పి చెబుతాను. తెర మీద ‘జ్ఞా’ ఒకే అక్షరంగా కనబడుతుంది. కంప్యూటర్ లోపల మాత్రం అది ఒక వరుస. మొదట జ, దాని వెనక పొల్లు, దాని వెనక ఞ, చివర దీర్ఘం. దీన్ని చదివి, ఞను ఒత్తుగా మార్చి కిందికి దించాలి. దీర్ఘం వచ్చింది ఞ తరువాత అయినా, దాన్ని తీసుకెళ్ళి పైనున్న జకు తగిలించాలి. పలికే వరుస వేరు, కూర్చునే చోటు వేరు. ఆనాడు తంటా తెచ్చిన వరుసలో ఞకూ దీర్ఘానికీ నడుమ ఇంకొకటి దాగి ఉంది. వెడల్పు లేని, కంటికి కనబడని, ‘ఇక్కడ కలపవద్దు’ అని చెప్పే గుర్తు. కలపాలా, వద్దా అన్న ఆ సందులో ఆ ఫోను సాఫ్ట్‌వేర్ తడబడింది. దేవనాగరిలోనూ బెంగాలీలోనూ ఇలాంటి కొన్ని వరుసలకు ఇదే గతి పట్టింది.

ఇదంతా ఇరవై ఏళ్ళ వయసులో, హాస్టల్ గదిలో, పరీక్షకు రాని విషయమని తెలిసీ మీరు తవ్వుకున్నారు. ఆ మూడు రాత్రుల్లో మీరు గీకా కాదా అన్న అనుమానం మీకు ఒక్కసారైనా వచ్చిందా? రాలేదని నేను పందెం కాస్తాను. తల నిండా జ, ఞ తిరుగుతుంటే దానికి చోటెక్కడ? మీకు కాలేజీలో పేరు తెచ్చిన లినక్స్ సంగతే చూడండి. 1991 ఆగస్టులో హెల్సింకిలో 21 ఏళ్ళ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తన పని గురించి మొదటిసారి నలుగురికి చెబుతూ, ఇది సరదాకు చేస్తున్నదే, పెద్దదేమీ అవదు అన్నాడు. తానెవరో తేల్చుకున్నాక పనిలోకి దిగలేదు. పనిలో ఉన్నాడు, అంతే.

మరి మీరు పోగొట్టుకున్నదేమిటి? అక్షరాల మీద ప్రేమ పోలేదు. ‘నేనొక్కణ్ణే’ అన్న సుఖం పోయింది. హిందూపురంలో మీరు ఒక్కరు. ఇక్కడ సాయంత్రం మెట్రోలో ఏ పెట్టె ఎక్కినా లినక్స్ తెలిసినవారు పక్కన నిలబడి ఉంటారు. ఆ సుఖాన్ని నేను తక్కువ చేయను. ఆటకు ఎవరూ పిలవని పిల్లవాడికి ‘మీకెవరికీ తెలియనిది నాకు తెలుసు’ అన్న నమ్మకం వానలో గొడుగు. అది లేకపోతే చాలామంది పిల్లలు తడిసి ముద్దయ్యేవారు. కానీ వాన వెలిసింది. మీరిప్పుడు కిక్కిరిసిన బస్సులో ఉన్నారు. ఆ గొడుగు ఇంకా విప్పి పట్టుకుంటే పక్కవాళ్ళ కళ్ళలో గుచ్చుకుంటుంది. ప్రొద్దుటూరు అమ్మాయికి గుచ్చుకుంది.

మీ అమ్మగారి ప్రశ్నకు జవాబు మీరనుకున్నంత కష్టం కాదు. ఆమె తెలుగు టీచరు. ఇన్నేళ్ళుగా నల్లబల్ల మీద గుణింతాలు, ఒత్తులు నేర్పుతున్నారు. ఏ హల్లు కింద ఏ ఒత్తు, దీర్ఘం ఎవరి మీద, ఎందుకు, అని పిల్లల చేత దిద్దించారు. యంత్రానికి అదే పాఠం ఎలా నేర్పుతారో మీరు చూశారు. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు ఒక కాగితం మీద జ, పొల్లు, ఞ, దీర్ఘం విడివిడిగా రాసి ఆమె ముందు పెట్టండి. ‘దీన్ని కలపమంటే ఫోను తికమకపడిందమ్మా, ఎందుకో చూడు’ అనండి. ఆమె అడిగే ప్రశ్నలు మీ శనివారం బృందం అడిగే ప్రశ్నలకన్నా మంచివై ఉంటాయి. జ్ఞను ఎలా పలకాలన్న దాని మీద ఒక గంట వాదన కూడా జరుగుతుంది, ఓపిక పట్టండి.

ఇక ప్రశ్నల సంగతి. ఇది నాకు దగ్గరి విషయం కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను.

నేను 1990ల చివర్లో గుంటూరు నుంచి ఈ ఊరికి వచ్చాను. కొత్తలో ఒక సమావేశానికి వెళ్ళాను. గదిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. నా పేరు చెప్పగానే ఒకాయన వరసగా ప్రశ్నలు మొదలుపెట్టారు. మూడింటికి జవాబు చెప్పాను, నాలుగోదానికి తెలియలేదు. గది నవ్వింది. మూడు చెప్పిన సంగతి ఆ నవ్వులో కొట్టుకుపోయింది. తరువాత నాలుగేళ్ళు నేను అలాంటి చోటికి వెళ్ళలేదు. ఆ సమావేశం జరిగిన నెలలోనే ఒక పాత హార్డ్ డిస్కు కోసం, కంప్యూటర్ సామాను దొరికే ఎస్పీ రోడ్డుకు వెళ్ళాను. ఇరుకు దుకాణం, పైకప్పు దాకా తీగల చుట్టలు. పెద్దాయన నా చేతిలోని చీటీ చూసి, ‘దీంతో ఏం చేద్దామనుకుంటున్నారమ్మా?’ అని అడిగారు. ఇంట్లో ఉన్న డిస్కు పక్కన రెండోది పెట్టి, అందులో లినక్స్ ఎక్కించాలని ఉందని చెప్పాను. ఆయన డిస్కును తిప్పి వెనక ఉన్న చిన్న జంపరు చూపించారు. ఒకే తీగ మీద రెండు డిస్కులు ఉంటే ఏది మొదటిదో ఏది రెండోదో ఈ జంపరుతోనే చెప్పాలని, దాన్ని ఊడదీసి పెట్టి చూపించి, నా చేత కూడా పెట్టించారు. ఐదు నిమిషాల పని. ఆ రాత్రి రెండో డిస్కు మొదటిసారికే పనిచేసింది.

ఇద్దరూ నన్ను ప్రశ్నే అడిగారు. ఒకరు ‘నీకేం తెలుసు?’ అన్నారు. ఇంకొకరు ‘ఏం చేద్దామనుకుంటున్నావు?’ అన్నారు. పాతికేళ్ళ తరువాత కూడా నేను ఈ పనిలో ఉన్నానంటే ఆ రెండో ప్రశ్న వల్లనే. ఎవరైనా కొత్తగా వచ్చి ‘నేనూ గీక్‌నే’ అంటే నాకు వినబడేది ‘నాకొక పిచ్చి ఉంది, చెప్పనా?’ అని. దేని పిచ్చి అని అడిగితే చాలు, వాళ్ళ కళ్ళు వెలుగుతాయి.

ప్రశ్నించడమే తప్పని నేను అనను. ప్రశ్నను కళగా మార్చుకున్న జాతి మనది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఒక్క మనిషిని చుట్టుముడతారు. నిషిద్ధాక్షరి వారు అక్షరం అక్షరానికీ అడ్డుపడతారు. సమస్య ఇచ్చేవారు అర్థం లేనట్టుగా, ఒక్కోసారి అభ్యంతరంగా తోచే పాదం ఇచ్చి పూరించమంటారు. అప్రస్తుత ప్రసంగి ధ్యాస చెదరగొడుతూనే ఉంటారు. ఇంత చేసినా అవధాని చతికిలపడాలని ఆ సభలో ఎవరూ కోరుకోరు. పూరణ కుదిరితే అందరికన్నా ముందు ఆహా అనేది సమస్య ఇచ్చినవారే. ఎందుకంటే వాళ్ళు పద్యం కోసం వచ్చారు. మీరు వేసిన ఐదారు ప్రశ్నల్లో ఒక్కదానికి ఆ అమ్మాయి టక్కున జవాబు చెప్పి ఉంటే మీకు సంతోషం కలిగేదా? నాకు రాయనక్కరలేదు. మీకు మీరు చెప్పుకుంటే చాలు.

ఎవరికి ఏది తగునో తేల్చడం మీతో మొదలు కాలేదు. ఈ ఊరినే పేరులో మోసిన బెంగళూరు నాగరత్నమ్మ గారి కథ చూడండి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి దగ్గర గుడి కట్టించిన విదుషిగా ఆమె అందరికీ తెలుసు. ఆమెకు పాత తెలుగు కావ్యాల పిచ్చి కూడా ఉండేది. 18వ శతాబ్దంలో తంజావూరులో ‘రాధికా సాంత్వనము’ రాసిన ముద్దుపళని పేరు ఎక్కడో చదివి, ఆ పుస్తకం కోసం వెతికారు. కష్టపడి ఒక అచ్చుప్రతి సంపాదించారు. తరువాత రాతప్రతి దొరికితే రెండూ పక్కపక్కన పెట్టుకొని చదివారు. ముద్దుపళని తన వంశం గురించి చెప్పుకున్న భాగం, మరికొన్ని పద్యాలు అచ్చులో మాయమయ్యాయని అప్పుడు తెలిసింది. వాటన్నిటినీ చేర్చి 1910లో మద్రాసులో వావిళ్ళవారి ద్వారా పూర్తి కావ్యాన్ని అచ్చువేయించారు. అందులో స్త్రీలు వినదగని భాగాలున్నాయని వీరేశలింగం గారు అప్పటికే తీర్పు చెప్పి ఉన్నారు. ఆయన అంటే ఆనాడు ఎంతటివారో మీకు తెలుసు. నాగరత్నమ్మ గారు వెనక్కి తగ్గలేదు. మగవారు రాసిన శృంగారానికి లేని దోషం దీనికెందుకు వచ్చిందని ఎదురు ప్రశ్న వేశారు. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. నిషేధం తొలగేసరికి 1947 వచ్చింది.

రెండు ప్రతులు ఒళ్ళో పెట్టుకొని ఒక్కో పద్యం సరిచూసుకుంటున్న ఆ మనిషిని తలుచుకున్నప్పుడల్లా నా మనసు నిండిపోతుంది. తాతగారి పాత ఉత్తరాలు ముందు పరుచుకొని, ఆయన ‘ఱ’ను ఎలా తిప్పేవారో చూస్తున్న ప్రొద్దుటూరు అమ్మాయి కూడా నాకు ఆ వరసలోనే కనబడుతోంది. ఆమెకు హార్ఫ్‌బజ్ తెలియదు, నిజమే. ఆ పేరు పారసీ మాటలతో కట్టినది, తెరిచిన అక్షరం అని దాని అర్థం. మీరు తలుపు వేయడానికి ఆ మాటనే ఎంచుకోవడం నన్ను బాధపెట్టింది.

ఇప్పుడు చేయవలసిన పని. ఆమె మీకన్నా చిన్న, అదే ఆఫీసు. కాఫీకి రమ్మనో, గదిలోకి పిలిచో మాట్లాడితే కాదనలేక ఇబ్బంది పడుతుంది. నాలుగు వాక్యాలు రాసి పంపండి. ‘ఆ శనివారం మిమ్మల్ని నలుగురిలో చిన్నబుచ్చాను. మీరు చెప్పిన పనిలో నాకు కొంత తెలుసు, అయినా చెప్పకుండా పరీక్ష పెట్టాను. అది నా తప్పు. ఫాంటు పనిలో ఎప్పుడైనా అవసరమైతే నాకు తెలిసినది చెబుతాను, దీనికి మీరు జవాబు ఇవ్వనక్కరలేదు.’ ఇంతకన్నా పొడిగించకండి. మీ చిన్నతనం, పుస్తకాల పురుగు, ఒంటరితనం ఇందులోకి రాకూడదు. అవి నాకు రాశారు, నేను విన్నాను. ఆమె చేత మిమ్మల్ని ఓదార్పించుకోవద్దు. బృందానికి మళ్ళీ రమ్మని కూడా అడగవద్దు.

రెండోది ఇంకా కష్టం. అవమానం నలుగురిలో జరిగింది కాబట్టి తప్పు ఒప్పుకోవడం కూడా అక్కడే జరగాలి. వచ్చే శనివారం ఆమె పేరు ఎత్తకుండా, ‘కొత్తగా వచ్చినవారికి మనం పరీక్ష పెట్టడం తప్పు, మొదలుపెట్టింది నేనే, ఇక చేయను’ అని చెప్పండి. ఒకరిద్దరు నవ్వవచ్చు. ఆ రోజు నవ్వినవాళ్ళలో లోపల నొచ్చుకున్నవారు కనీసం ఒకరైనా ఉంటారని నా అనుభవం చెబుతోంది. ఆ ఒక్కరు మీ మాట కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు.

కీబోర్డుల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. వస్తువును ప్రేమించడం తప్పు కాదు. నేనూ కలాలు దాచుకుంటాను. కానీ విప్పని పెట్టెను ఎవరూ ప్రేమించినట్టు కాదు. ఒకటి విప్పి వాడండి. రెండోది మీరు చదివిన కాలేజీలో ల్యాబుకు ఇవ్వండి, అక్కడ ఇప్పుడు కూడా ఒక్కడే ఒక కుర్రవాడు కూర్చొని ఉంటాడు.

ఇంకొక మాట. మీకు బొత్తిగా ఏమీ తెలియని చోటికి నెలకొకసారి వెళ్ళండి. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ బురుజు ఉన్న బండ మీద ఎన్నోసార్లు కూర్చొని ఉంటారు, అది సుమారు 300 కోట్ల ఏళ్ళ నాటి శిల. రాళ్ళ పిచ్చి ఉన్నవారెవరైనా దొరికితే వెంట వెళ్ళి, అది ఎలా పుట్టిందో అడగండి. ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ) ఏడాదికొకసారి జనానికి తలుపులు తెరుస్తుంది, ఆ రోజు ఏ ప్రయోగశాలలోనైనా దూరి, తెలియనివాడిలా కాదు, నిజంగా తెలియకనే అడగండి. ఎదుటివారు మీతో ఎలా మాట్లాడారో, ఆ క్షణం మీకు ఎలా అనిపించిందో గుర్తుపెట్టుకోండి. కొత్తవారి ముఖం మనకు మరిచిపోవడం చాలా తేలిక.

ఆమె జవాబు ఇవ్వకపోతే అది ఆమె ఇష్టం, మళ్ళీ కదిలించవద్దు. ఇస్తే మాత్రం, దయచేసి హార్ఫ్‌బజ్‌తో మొదలుపెట్టకండి. అది ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రెఆఫీసులో తన పని తాను చేస్తూనే ఉంది. ‘అ’ గీయడానికి దాని పేరు తెలియనక్కరలేదు. మొదట తాతగారి ఉత్తరాల్లో ఒక్కో అక్షరం ఎన్ని రకాలుగా ఉందో ఏరి పెట్టుకోమనండి. తరువాత ఫాంట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఫాంట్‌ఫోర్జ్ చూపించండి, అది ఉచితం. సిలికానాంధ్ర వారు విడుదల చేసిన సూరన్న, రామభద్ర, ధూర్జటి లాంటి ఫాంట్లను విప్పి లోపల ఎలా కట్టారో ఎవరైనా చూడవచ్చు. వర్ణమాల మొత్తం గీస్తే పని అయిపోయిందని ఆమె అనుకుంటుంది, అందరూ మొదట అలాగే అనుకుంటారు. తలకట్లు, గుణింతాల గుర్తులు, ఒత్తులు కలిస్తే వందల ఆకారాలు గీయాలని అప్పుడు తెలుస్తుంది. అది తెలిసిన రోజు బెదిరిపోకుండా పక్కన ఉండండి.

ఏదో ఒక రోజు ఆమె ‘జ్ఞా’ దగ్గరికి వస్తుంది. తాతగారు ఆ ఒత్తును జకు ఎంత కిందుగా, ఎంత కుడికి రాసేవారో ఉత్తరాలు చూస్తేనే తెలుస్తుంది. ఆ సంగతి ఆమె మీకు చెప్పాలి. దీర్ఘం ఎక్కడ పట్టుకోవాలో మీరు ఆమెకు చెప్పాలి. ఆ అక్షరం తెర మీద సరిగ్గా కూర్చున్నాక, వీలైతే దాన్ని నాకూ పంపండి.